తకాఫుల్ ఉంటే రేపే తీసుకుంటానంటాడు మా ఆయన. నిజంగా తీసుకుంటాడా?

కదిరి_కోడలు

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. తకాఫుల్ అంటే షరియా ప్రకారం నడిచే బీమా.

మేం నూర్‌బాషాలం, అదే దూదేకులం. ఇంట్లో తెలుగే. మా పుట్టింటిది మదనపల్లె, అత్తగారిది కదిరి. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో, టానరీ రోడ్డు పక్క సందులో ఉంటున్నాం. నేను ఒక బట్టల ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూస్తా. మా ఆయన లిఫ్టుల కంపెనీలో టెక్నీషియన్. అంటే పద్నాలుగో అంతస్తులో, లిఫ్టు గుంటలో బెల్టు కట్టుకుని పనిచేసే ఉద్యోగం.

మార్చిలో వాళ్లన్న పోయాడు. 41 ఏళ్లు. కదిరిలో వేరుశనక్కాయల వ్యాపారం. పొద్దున బస్తాలు దించడానికి వెళ్లిన మనిషిని పదింటికి ఆటోలో తెచ్చారు. గుండెపోటు అన్నారు.

ఆ శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ గేటు దగ్గర వాళ్ల ఇంటి కోసం చందాకు ఆకుపచ్చ తువ్వాలు పరిచారు. మా యారాలు (తోడికోడలు) ఇద్దత్‌లో ఉంది, అంటే భర్త పోయాక పాటించే గడువు, నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. కాబట్టి ఆ డబ్బు తెచ్చుకోవడానికి పన్నెండేళ్ల కొడుకును పంపారు. వాడు బట్టల షాపు క్యారీబ్యాగులో తెచ్చి మంచం మీద కుమ్మరించాడు. లెక్కలు నా పని కదా, నేనే కూర్చుని లెక్కపెట్టా. 63,400. చిల్లర నాణేలే ఒక డబ్బాకు వచ్చాయి. యారాలు గోడవైపు తిరిగి కూర్చుంది, ఎంతైందని కూడా అడగలేదు. సాయంత్రం మాత్రం, "ఆ తువ్వాలు మన ఇంటిదే. ఉతికి ఎవరికైనా ఇచ్చెయ్" అంది.

తిరిగొస్తూ రైల్లో మా ఆయన్ని అడిగా, ఒక టర్మ్ పాలసీ తీసుకుందామా అని. "ఇన్సూరెన్స్ హరామ్. అందులో వడ్డీ ఉంది, జూదం ఉంది. తకాఫుల్ ఉంటే రేపే తీసుకుంటా" అన్నాడు. 2019లో పాప పుట్టినప్పుడూ అక్షరం పొల్లు పోకుండా ఇదే మాట. బైకుకు మాత్రం ఇన్సూరెన్స్ ఉంది. అదేంటయ్యా అంటే, "అది పోలీసులకు" అంటాడు.

మన దేశంలో తకాఫుల్ లేదని నాకూ తెలుసు. నేను అడిగేది వేరే. అది దొరికే దేశాల్లో ముస్లింలు నిజంగా హలాల్ అనే తీసుకుంటున్నారా, లేక వాళ్లను కదిలించేది ఇంకేమైనా ఉందా? ఉంటే దాన్నే పట్టుకుని మా ఆయన్ని కదిలిద్దామని. దీన్ (మతం) సంగతి మౌల్వీ సాబ్‌ను అడుగుతా, మీరు నేర్పొద్దు. మీరు కళ్లారా చూసింది చెప్పండి చాలు.

ఆరున్నర_షిఫ్ట్

అక్కా, నేను ముస్లింను కాదు, నరసరావుపేట వాణ్ని. కానీ ఆరేళ్లుగా నాకు జీతం వస్తున్నది తకాఫుల్ వల్లే. మలేషియాలో ఒక తకాఫుల్ సంస్థ సాఫ్ట్‌వేర్‌ను మా టీమ్ చూసుకుంటుంది. వాళ్లకు తొమ్మిదైతే మనకు ఆరున్నర, అందుకే ఈ పేరు. రింగ్ రోడ్డు ఖాళీగా ఉండే టైమ్‌కు ఆఫీసుకు చేరే అదృష్టవంతుల్లో నేనొకణ్ని.

మొదటి ఏడాది నేను కూడా ఇది పేరు మార్చిన ఎల్‌ఐసీయే అనుకున్నా. డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోతుందో చూశాక తేడా అర్థమైంది. ఒకాయన నెలకు 200 రింగిట్లు కట్టాడనుకోండి, ఊరికే లెక్క కోసం. ముందు వకాలా పేరుతో సంస్థ తన నిర్వహణ ఖర్చు తీసుకుంటుంది. మిగిలింది రెండుగా చీలుతుంది. ఒకటి ఆయన పేరు మీద పెరిగే పొదుపు. దాన్ని సుకూక్‌లలో (వడ్డీ లేని ఇస్లామిక్ బాండ్లలో), షరియా జాబితాలో ఉన్న షేర్లలో పెడతారు. సారా కంపెనీలు, వడ్డీ బ్యాంకులు అందులో ఉండవు. రెండోది తబర్రు, అంటే దానం. ఆ నిధిలో పడ్డాక అది ఆయనది కాదు, సంస్థదీ కాదు, సభ్యులందరిదీ. ఎవరు చనిపోయినా కుటుంబానికి అందులోంచే ఇస్తారు. ఏడాది చివర మిగులుంటే ఒప్పందం ప్రకారం పంచుకుంటారు. నిధికి లోటొస్తే సంస్థ తన డబ్బులోంచి వడ్డీ లేకుండా అప్పిచ్చి పూడ్చాలి. మామూలు బీమాలో మీరు మీ ప్రమాదాన్ని కంపెనీకి అమ్ముతారు, కంపెనీ లాభమో నష్టమో చూసుకుంటుంది. ఇక్కడ సభ్యులు ఒకరికొకరు పూచీ పడతారు, సంస్థ గుమాస్తా.

ఇక మీ ప్రశ్న. ఇన్నేళ్లలో "ఇది హలాలేనా" అని అడిగిన టికెట్ (కస్టమర్ ఫిర్యాదు) నా చేతికి ఒక్కటీ రాలేదు. వచ్చేవి ఇవీ: మెడికల్ కార్డు ఫలానా ఆసుపత్రిలో ఎందుకు పనిచేయలేదు, ఏజెంటు ఉద్యోగం మానేశాడు ఇప్పుడు ఎవరిని అడగాలి, నామినీ పేరు ఎలా మార్చాలి. ఇస్లామిక్ బ్యాంకులో ఇల్లు కొనుక్కున్నవాళ్లు చాలామంది ఆ లోనుతో పాటే తకాఫుల్‌లోకి వస్తారు, విడిగా కూర్చుని ఆలోచించి కాదు. చైనీయులూ తమిళులూ కూడా ఉన్నారు, వాళ్లకు హలాల్‌తో పనేముంది?

అలాగని హలాల్ లెక్కలోకి రాదని కాదు. ఆ ముద్ర లేకపోతే చాలామంది ముస్లింలు గడపే తొక్కరు. లోపలికొచ్చాక మాత్రం అందరిలాగే ధర, ఆసుపత్రి, ఏజెంటు మంచివాడా కాదా.

ఒక్క విషయంలో మాత్రం మతమూ అవసరమూ ఒకచోట కలవడం చూశా. అక్కడ 2013 చట్టంలో హిబా అని ఏర్పాటు ఉంది. తకాఫుల్ డబ్బును షరతుతో కూడిన బహుమానంగా భార్య పేరున రాయొచ్చు. అప్పుడది వారసత్వం వాటాల్లోకి వెళ్లకుండా నేరుగా ఆమెకు చేరుతుంది. నామినీ మార్పు టికెట్లలో మాకు ఎక్కువ కనిపించేది ఈ హిబానే. వాటిల్లో సగం రాత్రి పదకొండు తర్వాత పెట్టినవి. మొగుడూ పెళ్లాలు కూర్చుని మాట్లాడుకున్నాక పెట్టేవేమో అని నా ఊహ.

సాల్మియా_తాత

అమ్మా, నాది రాయచోటి. కువైట్‌లో 22 ఏళ్లున్నా. ఇప్పుడు ఆర్.టి. నగర్‌లో కొడుకు దగ్గర. టైపు చేసింది మనవరాలు, మాటలు నావి.

కువైట్‌లో తకాఫుల్ కంపెనీల బోర్డులు రోడ్డు మీదే కనిపిస్తాయి. మా స్టోరుకు ఎదురుగానే ఒకటుండేది, టీ తాగుతూ దాన్నే చూసేవాణ్ని. ఒక్కనాడూ లోపలికి పోలేదు. అక్కడ ఎవరైనా అడిగితే "ఊరికి పోయాక చూద్దాం" అనేవాణ్ని. సెలవుకు ఊరొస్తే ఎల్‌ఐసీ ఏజెంటు వచ్చేవాడు, అతనికి "మాకు హరామ్ నాయనా" అని చెప్పి టీ ఇచ్చి పంపేవాణ్ని. రెండు ఊర్లకు రెండు జవాబులు పెట్టుకున్నా. అసలు సంగతి, నేను పోతే వచ్చేది ఇంత అని కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు. మీ అవ్వ కూడా ఆ మాటెత్తితే "అపశకునం" అని లేచిపోయేది.

ఇంకోటి చెప్తా, సిగ్గు విడిచి. 2019లో శివాజీనగర్ వైపు హలాల్ పెట్టుబడి అని ఒక సంస్థలో 4 లక్షలు పెట్టా. నెలనెలా లాభం ఇచ్చారు, కొన్ని నెలలు. తర్వాత షట్టరు దించేశారు. ఫిర్యాదు కాగితం పట్టుకుని క్యూలో నిలబడితే నా ముందు ఒక ముసలామె, కూతురి పెళ్లి గాజులు అమ్మి పెట్టిందంట. ఆ సంస్థలో సంతకం పెట్టడానికి నాకు పట్టింది పది నిమిషాలు. లాభం అనేసరికి హలాల్ బోర్డు చూడగానే పెట్టేశా. చావు అనేసరికి 22 ఏళ్లు హలాల్ బోర్డు ఎదురుగా ఉన్నా పెట్టలేదు. మీ ఆయన సంగతి నాకు తెలియదు, నా సంగతి ఇది.

దీన్ నేర్పొద్దన్నావు, సరే. కానీ మీ ఆయనకు రెండు మాటలు చెప్పు. 1985లో జెడ్డాలో ఫిఖ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్రం) అకాడమీ పెద్దలు కూర్చుని వ్యాపార బీమా కూడదన్నారు, నిజమే. అదే తీర్మానంలో ఒకరికొకరు సాయపడే సహకార బీమా చేసుకోమన్నారు. అంటే ఇంటివాళ్ల గురించి ముందుచూపు వద్దని కాదు. ఇంకోటి, ప్రవక్త సహచరుడు సాద్ ఇబ్న్ అబీ వఖాస్ తన ఆస్తి మొత్తం దానం చేస్తానంటే ప్రవక్త సొల్లల్లాహు అలైహి వసల్లం మూడోవంతు దగ్గర ఆపారు, అదీ ఎక్కువే అన్నారు. వారసులను జనం ముందు చెయ్యి చాచేలా వదలడం కంటే ఉన్నవాళ్లుగా వదలడం మేలన్నారు. బుఖారీ హదీసుల్లో ఉంది. నీ తువ్వాలు కథ విన్నాక అదే గుర్తొచ్చింది.

మొహల్లా_బైతుల్‌మాల్

చెల్లెమ్మా, నేను మీ ఆయన పక్షం. రిజ్క్ (బతుకుదెరువు) ఇచ్చేది అల్లాహ్. తవక్కుల్ (ఆయన మీద భరోసా) ఉండాలి. అలాగని ఒంటెను కట్టేయొద్దని, అంటే మన జాగ్రత్త మానేయమని నేను అనను, కట్టే తాడు హలాల్‌ది కావాలి అంతే.

అసలు తకాఫుల్ అనేదే కంపెనీల కంటే పాతది. అరబ్బు తెగల్లో ఒకడి చేతిలో పొరపాటున ఎవరైనా చనిపోతే ఆ రక్తపరిహారం తెగ అంతా కలిసి కట్టేది, దాన్నే ఆఖిలా అంటారు. సూడాన్‌లో 1979లో మొదటి ఇస్లామిక్ బీమా కంపెనీ పెట్టారు, మలేషియా 1984లో చట్టం చేసింది, అన్నిటికీ మూలం అదే. మనం లైసెన్సు కోసం ఎదురుచూడటం దేనికి? మీ మొహల్లాలో 200 ఇళ్లు నెలకు 100 వేస్తే ఏడాదికి 2,40,000. నేను మా బైతుల్‌మాల్‌కు (మొహల్లా సాయం నిధికి) నెలకు 500 ఇస్తున్నా, ఏడేళ్లుగా.

కదిరి_కోడలు

@మొహల్లా_బైతుల్‌మాల్ అన్నా, ఏడేళ్లుగా ఇస్తున్నారంటే మీ మాటకు విలువ ఉంది. వెటకారం కాదు. కానీ లెక్కలు రాసేదాన్ని కదా, నా బుర్ర అటే పోతుంది. ఆ రిజిస్టరు ఎవరి దగ్గరుంటుంది? ఒకే ఏడాది ముగ్గురు పోతే ముగ్గురికీ ఎంతెంత? మా సందులో ఆడవాళ్ల చీటీ ఒకటుంది, నెలకు 2,000, వేలం లేదు, పేర్లు రాసి చిట్టీ తీస్తాం. పదహారు మందిమి, అందరి ఇళ్లూ అందరికీ తెలుసు. అయినా పోయినేడు ఒకామె రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయింది. 16 మంది దగ్గరే ఇలా ఉంటే 200 మందికి కాగితం కావాలి.

@సాల్మియా_తాత తాతా, ఆ "రెండు ఊర్లకు రెండు జవాబులు" మా ఆయనకు చదివి వినిపించా. ఏం అనలేదు. లేచిపోయి నీళ్ల మోటరు వేసొచ్చాడు. ట్యాంకు నిండే ఉంది.

పాలసీ_పద్మక్క

నేను కేఆర్ పురంలో బీమా ఏజెంటును, పద్నాలుగేళ్లుగా. పాలసీ అమ్మితే నాకు కమీషన్ వస్తుంది, అది మనసులో పెట్టుకునే చదువు తల్లీ.

నా దగ్గర ముస్లిం కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి. నా మాటలకు పడి తీసుకున్నది ఒక్కరూ లేరు. ఇంటి లోను తీసుకున్నవాళ్లు కొందరు. బిడ్డ పుట్టాక కొందరు. అందరికంటే ఎక్కువమంది దగ్గరివాళ్ల చావు చూసి వచ్చినవాళ్లు, అదీ మూడు నెలల్లోపే. మూడు నెలలు దాటితే మళ్లీ నా ఫోన్ ఎత్తరు. హిందువులూ అంతే, కాకపోతే వాళ్లు "జాతకం చూపించి చెప్తాం" అంటారు. సాకు మారుతుంది కానీ ఫోన్ ఎత్తకపోవడం ఒకటే. ఇంకో మాట. ఫారం మీద సంతకం మగవాళ్లదే అయినా మొదట ఫోన్ చేసేది భార్యో అక్కో.

తకాఫుల్ ఇక్కడ ఎందుకు లేదంటే, దానికి విడిగా చట్టం లేదు. ఉన్న చట్టం ప్రకారం జీవిత బీమా కంపెనీ తన నిధిలో కనీసం సగం ప్రభుత్వ బాండ్లలో, అలాంటి ఆమోదించిన సెక్యూరిటీల్లో పెట్టాలి. బాండు అంటే వడ్డీయే కదా. కొన్ని యులిప్‌లలో (బీమాతో పాటు షేర్లలో పెట్టే పాలసీల్లో) బ్యాంకులు, సారా, జూదం షేర్లు లేని ఫండ్లు ఉన్నాయి, కానీ అది పెట్టుబడి వరకే. తబర్రు లాంటి ఉమ్మడి నిధి అందులో లేదు. ఎవరైనా మీకు "ఇండియాలో తకాఫుల్ పాలసీ" అని అమ్మజూపితే ముందు ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహల్లా నిధికీ ఇదే వర్తిస్తుంది అన్నా: సాయం చేస్తామంటే ఫర్వాలేదు, చనిపోతే ఇంత ఇస్తామని మాటిచ్చి డబ్బు వసూలు చేస్తే అది బీమా వ్యాపారం, లైసెన్సు కావాలి.

ఇప్పుడు అసలు పని. టర్మ్ సంగతి తర్వాత, ముందు పీఎఫ్ చూసుకో. మీ ఆయనకు పీఎఫ్ కట్ అవుతుంటే ఈడీఎల్ఐ కింద బీమా ఉన్నట్టే. ఉద్యోగంలో ఉండగా పోతే 7 లక్షల దాకా వస్తుంది. దానికి ఆయన జీతంలోంచి ఒక్క పైసా పోదు, కట్టేది కంపెనీ. హరామ్, హలాల్ గొడవ పెట్టుకోవడానికి ఆయన కొన్నదేమీ లేదు. నామినేషన్ ఎప్పుడు రాశాడో అడుగు. పెళ్లికి ముందు రాసిందైతే పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, కొత్తది రాయాలి. చాలామంది రాయరు, పోయాక ఆఫీసుల చుట్టూ తిరిగేది భార్య. ఇద్దత్‌లో ఉంటే అది కూడా కుదరదు, నువ్వే చూశావు కదా.

టర్మ్ తీసుకోవాలనుకుంటే, అది కట్టింది తిరిగి రాని పాలసీ, పొదుపు లేదు కాబట్టి మీ ఖాతాలో వడ్డీ పెరగడమూ ఉండదు. అయినా కొందరు ముఫ్తీలు ఒప్పుకోరు, కొందరు అవసరాన్ని బట్టి ఒప్పుకుంటారు. నేను చెప్పేదాన్ని కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అంత మేరకు బరువు తగ్గింది. ఎత్తులో పనిచేసే ఉద్యోగమని ఫారంలో తప్పకుండా రాయించు. ప్రీమియం పెరుగుతుందని దాచేవాళ్లను చూశా, క్లెయిమ్ దగ్గర ఏడ్చింది వాళ్ల పిల్లలు.

మలేషియా హిబా గురించి పైన బాబు రాసింది చదివా. దానికి కొంచెం దగ్గరగా ఇక్కడ 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఉంది. 1923 సవరణతో ముస్లింలు తీసుకునే పాలసీలకూ ఆరో సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లల ట్రస్టు. అప్పులవాళ్లూ, అన్నదమ్ములూ ముట్టుకోలేరు. షరియా వాటాలకు ఇది ఎంతవరకు కుదురుతుందో అది కూడా మీ ముఫ్తీ గారినే అడగాలి. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం పెట్టాలి, తర్వాత కుదరదు.

అవన్నీ వద్దనుకున్నా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. మీ బావగారికి అదైనా ఉందేమో బ్యాంకు పాస్‌బుక్ చూడండి. 436 కట్ అయిన గీత ఉంటే చాలు.

కదిరి_కోడలు

పద్మక్కా, కదిరిలో మరిదికి ఫోన్ చేసి పాస్‌బుక్ ఫొటో తెప్పించా. 436 గీత లేదు. 2022లో 330 ఒకటుంది, అది పాత ప్రీమియం, ఆ తర్వాత ఏడాది ఖాతాలో 112 రూపాయలే ఉన్నాయి, అందుకని కట్ కాలేదు.

పీఎఫ్ మాత్రం అయింది. నిన్న రాత్రి పాప పడుకున్నాక కూర్చున్నాం. నువ్వు చెప్పినట్టే, పెళ్లికి ముందు అత్త పేరు రాసి వదిలేశాడు. ఈ-నామినేషన్ కొత్తగా పెట్టాం. ఓటీపీ రెండుసార్లు ఆలస్యమైంది. వాటాల దగ్గర ఆగిపోయాడు. షరియా వాటాల లెక్కన "అమ్మకు ఆరోవంతు" అన్నాడు. ఫోన్‌లో కాల్క్యులేటర్ తీసి 16.66 అని, సరే 17 పెట్టు అన్నాడు. "మరి ఆ లెక్కన నాకు ఎనిమిదోవంతే కదా, పన్నెండున్నర" అన్నా. నా మొహం చూసి నవ్వాడు. నాకు 43, పాపకు 40, అత్తకు 17 పెట్టాం. సబ్మిట్ నొక్కేటప్పుడు మాత్రం ఫోన్ నాకిచ్చి "నువ్వే నొక్కు" అన్నాడు. తాత చెప్పిన చెయ్యి రాకపోవడం ఇదేనేమో.

టర్మ్ సంగతి మాట్లాడటానికి ఆదివారం ముఫ్తీ గారి దగ్గరికి పోతున్నాం. తానే వస్తానన్నాడు, నేను అడగలేదు. పద్మక్క మూడు నెలల లెక్క నేనూ వేసుకున్నా. మాకు ఇంకా పదకొండు రోజులున్నాయి.